డబ్బా వెనకాల అక్షరం

బాన్సువాడ బస్టాండు నుంచి నడిచి వచ్చేంత దూరంలో ఉంటుంది నా కొట్టు. పెళ్లికార్డులు, బిల్లుబుక్కులు, ఫ్లెక్సీల మ్యాటర్, దరఖాస్తులు, జిరాక్సు. అంతకుముందు ట్రెడిల్ ప్రెస్సులో కంపోజిటర్‌ని. ఇప్పుడు కళ్లు మసకబారాయి, కొట్టు మేనల్లుడి చేతికి వచ్చింది. "మామా, నువ్వు నోటికొచ్చినట్టు చెప్తే నాకు యాదికుండదు, నంబర్లేసి రాసియ్యి" అన్నాడు. టైపు చేయడం తప్ప రాయడం రానివాణ్ని. అయినా రాసిచ్చాను.

1. కనబడేది అక్షరం కాదు, దాని బొమ్మ

ప్రెస్సులో ఈ గొడవ లేదు. కేసులో ఏ గడిలో ఏ అక్షరం ఉందో చేతికి తెలుసు. సీసం ముక్క తీసి స్టిక్కులో పేరిస్తే అదే అక్షరం, అదే దాని ఒళ్లు. కంప్యూటర్ వచ్చాక ఒళ్లు వేరు, ఊపిరి వేరు అయ్యాయి. నాకు అది తెలియడానికి ఒక పెళ్లికార్డు పోవాల్సి వచ్చింది.

పేజ్‌మేకర్ రోజులు. కొట్టులో కార్డు కంపోజ్ చేసి, ఫైలు ఫ్లాపీలో వేసి, మల్టీకలర్ ప్రింటింగ్‌కు హైదరాబాదు పంపాను. పెళ్లికొడుకు తండ్రి సాయంత్రం ఫోన్ చేశాడు. "ఏం రాసి పంపినవయ్యా? పిల్ల పేరు ఇంగ్లీషులో ఉన్నది, ఆ ఇంగ్లీషు గూడ సక్కగ లేదు." వెళ్లి చూస్తే నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, శాతం గుర్తులు, పౌండు గుర్తులు వరసగా నిలబడి ఉన్నాయి. నా ఫాంటు వాళ్ల మిషన్లో లేదు, అంతే సంగతి. అప్పటి డీటీపీ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలోకి తెలుగు బొమ్మలను కాపురం పెట్టేవి. ఒక ఫాంటులో ఉండేవి 256 గదులు, తెలుగుకు కావలసిన రూపాలు వందలు. అందుకే అక్షరాన్ని ముక్కలు చేసి తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, ఒత్తు ఇంకో గదిలో పెట్టారు. మనం చూసేది "సీత". లోపల దాచింది ఇంగ్లీషు గుర్తులు. ఫాంటు తీసేస్తే తెలుగు లేదు.

తర్వాత వచ్చిన యూనికోడ్ చేసిన పని ప్రతి అక్షరానికీ ఇంటి నంబరు ఇవ్వడం. 1991లో మొదటి కూర్పులోనే తెలుగుకు 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు కేటాయించారు. 3093 అంటే క. ఏ ఫాంటు వేసినా, ఏ దేశంలో తెరిచినా కయే. బొమ్మ లావుగా ఉండొచ్చు, సన్నగా ఉండొచ్చు, నంబరు మాత్రం మారదు.

2. పాత ఫైలు మారిస్తే 'మంచి'ని చేత్తో వెతుకు

పాత ఫాంట్ల ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు వచ్చినప్పుడు పండగ చేసుకున్నాను. మొదట మార్చిన ఫైలు ఒక భజన మండలి కరపత్రం. అందులో "మంచి" అన్నచోటల్లా "వుంచి" అని వచ్చింది. "రామయ్య" కాస్తా "రావుయ్య" అయ్యాడు. కారణం పై పాఠంలోనే ఉంది: గదులు చాలక మ-కు వేరే బొమ్మ పెట్టకుండా వ పక్కన తోక తగిలించేవారు. వ పక్కన కొమ్ము తగిలిస్తే వు. కంటికి ఆ తోకకూ ఈ కొమ్ముకూ తేడా తెలుస్తుంది, ముక్కలను లెక్కపెట్టే సాధనానికి ఒక్కోసారి తెలియదు. ఇప్పటికీ ఎక్కడైనా "వునిషి", "వునసు" కనిపిస్తే నవ్వకు. ఆ వాక్యం ఏ కొట్టులో పుట్టిందో, ఏ దారిన వచ్చిందో దాని ముఖం మీద రాసి ఉంది.

3. సున్నకూ సున్నకూ నూరిళ్ల దూరం

అనుస్వారం నంబరు 3074. తెలుగు అంకెల్లోని సున్న 3174. సరిగ్గా నూరు తేడా. బొమ్మలు మాత్రం కవలలు. తొందరలో ఉన్న ఆపరేటరు ఏది దొరికితే అది కొడతాడు, కాయితం మీద పట్టుబడడు. వెతికినప్పుడు పట్టుబడతాడు.

దీనికన్నా ఎక్కువగా నేను చూసిన తప్పు విసర్గది. శ్రద్ధాంజలి ఫ్లెక్సీ వచ్చిందంటే "దుఃఖం" ఉండాల్సిందే. పదిమందిలో ఎనిమిదిమంది ఖ ముందు ఇంగ్లీషు కోలన్ కొడతారు. విసర్గ 3075, కోలన్ 58. కోలన్ కొట్టినవాడి లెక్కలో ఆ మాట "దు" దగ్గరే ఆగిపోయింది, "ఖం" వేరే మాట. అంత్యక్రియల కార్డులో ఎవరూ దుఃఖాన్ని వెతకరు గదా అంటావేమో. నాలుగేళ్ల కింద ఒకాయన తన తండ్రి మీద రాసిన పద్యాల పుస్తకానికి చివర పదసూచిక కావాలన్నాడు. రెండు రాత్రులు పట్టింది నాకు, ఎవరో కొట్టిన కోలన్లు ఏరడానికి.

4. మన ఊరి పేరు మూడు రకాలుగా దాగి ఉంది

ఉర్దూ మాట్లాడేవాళ్లు ఊరిపేరులో 'స్' దగ్గర ఆగి 'వాడ' అంటారు. తెలుగు నోరు పొల్లు మీద ఆగలేదు, ఒక కొమ్ము తగిలించి "బాన్సువాడ" చేసుకుంది. బస్సు బోర్డు మీదా, నా రసీదు పుస్తకం మీదా అదే. బతికిపోయాం. ఆ కొమ్ము లేకుండా నేరుగా టైపు చేసి చూడు: "బాన్స్వాడ". న కింద స ఒత్తు, దాని పక్కన వ ఒత్తు, మూడంతస్తుల మేడ లేస్తుంది. చదివేవాడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియక తికమకపడతాడు.

పొల్లు పొల్లుగా నిలబడాలంటే దాని పక్కన ఒక కనిపించని అక్షరం పెట్టాలి. నంబరు 8204. వెడల్పు లేదు, రూపం లేదు, కాయితం మీద చుక్క సిరా ఖర్చు కాదు. పని మాత్రం పోలీసు పని: "ఇక్కడ కలవకండి" అని రెండు అక్షరాల మధ్య నిలబడుతుంది. అది ఉంటే "బాన్స్‌వాడ". "సాఫ్ట్‌వేర్", "హార్డ్‌వేర్", "ఫేస్‌బుక్" అన్నీ దాని దయే. కొన్ని కీబోర్డులు దాన్ని తమంతట తామే వేస్తాయి, కొన్ని మనం వేస్తేనే వేస్తాయి.

కనిపించదు కాబట్టే దానితో పేచీ. 2016 అక్టోబరు 11న మన మండలం నిజామాబాదు జిల్లా నుంచి కొత్త కామారెడ్డి జిల్లాలోకి పోయింది. తెల్లారేసరికి కొట్టు ముందు జనం: లెటర్‌హెడ్డు మార్చు, బిల్లుబుక్కు మార్చు, బడి సర్టిఫికెట్ మార్చు. పాత ఫాంట్ల ఫైళ్లు ఒక్కొక్కటీ తెరిచి కొట్టాల్సిందే. యూనికోడ్ ఫైళ్లకు వెతుకు-మార్చు చాలు అనుకున్నాను. సగం మారాయి, సగం మారలేదు. చూస్తే ఒకచోట "నిజామాబాద్", ఒకచోట "నిజామాబాదు", ఇంకోచోట చూడ్డానికి అచ్చం మొదటిదే, కానీ చివర ఆ కనిపించని 8204 నక్కి కూర్చుంది. మిషన్‌కు అవి మూడు ఊళ్లు. ఒక బడివాళ్ల సర్టిఫికెట్లు రెండు జిల్లాల పేర్లతో అచ్చయ్యాయి, పైన ఒక జిల్లా, కింద ఒక జిల్లా. కాయితం ఖర్చు నాదే.

5. నింద పడింది జ్ఞా మీద

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది. ఐఫోన్‌కు అది మెసేజిలో వస్తే చాలు, ఆ యాప్ కుప్పకూలేది. మళ్లీ తెరిస్తే మళ్లీ కూలేది. మా మేనల్లుడి దోస్తు ఒకడు ఆ అక్షరాన్ని ఫోన్‌లో దాచుకుని, ఐఫోన్ కొన్నవాణ్ని ఏడిపించడానికి తిరిగేవాడు. "తెలుగు అక్షరం ఐఫోన్‌ను చంపేసింది" అని జనం చెప్పుకోవడం విని నాకు కోపం వచ్చింది. మన అక్షరమేం చేసింది?

లోపలికి చూడు. బయటికి కనిపించేది జ్ఞా. లోపల అయిదు నంబర్లు: జ, పొల్లు, ఞ, కనిపించని 8204, ఆపైన దీర్ఘం. మామూలుగా "జ్ఞానం" రాసేవాడు నాలుగో దాన్ని వేయడు. మనం బడిలో నేర్చిన జ్ఞా నాలుగు ముక్కల జ్ఞా, అది ఏ ఫోన్‌నూ కూల్చలేదు. ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య "కలవకండి" అనే పోలీసు వచ్చి నిలబడితే, కలిపి బొమ్మ గీయాల్సిన యాపిల్ ప్రోగ్రాముకు ఏం చేయాలో తోచలేదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లో కూడా అలాంటి కూర్పులతో ఫోన్లు పడ్డాయి. ఫిబ్రవరి 19న 11.2.6 కూర్పు ఇచ్చి యాపిల్ సరిచేసింది. తప్పు బొమ్మ గీసేవాడిది, పేరు పోయింది మనది.

6. మెసేజి పైసలు అక్షరాలకు కాదు

ఇది లెక్క, గుర్తుపెట్టుకో. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 స్థానాలు. తెలుగు ఒక్క అక్షరం పడ్డా ఆ మెసేజి మొత్తం 70 స్థానాలకు దిగిపోతుంది. 70 అక్షరాలు అనుకోకు. "శ్రీ" మనకు ఒకటి, మిషన్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి నాలుగు. "బాన్సువాడ" పలికితే నాలుగే, లెక్కకు తొమ్మిది. పెళ్లిపిలుపు మెసేజి ఒకటే అనుకుని వెయ్యిమందికి బేరం ఒప్పుకుని, మూడు మెసేజిల ఖర్చు నెత్తిన వేసుకున్న తెలివి నాది.

7. కస్టమర్‌కు పీడీఎఫ్ ఇవ్వు, అసలు ఫైలు నీ దగ్గర దాచు

దీనికి కథ లేదు.

8. ఖాళీ కుర్చీని చూసి నవ్వకు

తెలుగు అక్షరాల నంబర్ల పట్టిక మొదటిసారి ప్రింటు తీసి గోడకు అంటించినప్పుడు నాకొక అనుమానం వచ్చింది. ర 3120, ఱ 3121, ల 3122, ళ 3123. తర్వాత 3124 ఖాళీ. వ 3125. మధ్యలో ఆ గడి ఎందుకు వదిలారు? అచ్చు తప్పేమో అనుకున్నాను.

జవాబు బోరుబండి వాళ్ల దగ్గర దొరికింది. ఎండాకాలం వస్తే తమిళనాడు తిరుచెంగోడు నుంచి బోరు లారీలు మన వైపు వస్తాయి. బిల్లుబుక్కు అచ్చు వేయించుకోవడానికి వచ్చిన కుర్రాడొకడు మధ్యాహ్నం హోటల్లో ఏం తిన్నాడో చెప్తూ కోడిని "కోళి" లాంటి మాటతో అన్నాడు. ళ కాదు. నాలుక ఇంకా వెనక్కి మడిచి, గొంతులోకి జారిపోయే ధ్వని. మళ్లీ అనమన్నాను. ఏడుకు కూడా వాళ్ల మాటలో అదే ధ్వని. తమిళ్ అనే మాట చివర ఉన్నదీ అదే.

ఆ ధ్వనికి మనకూ ఒక అక్షరం ఉండేది: ఴ. కడప జిల్లా కలమళ్ల శాసనం 575 నాటిదంటారు, రేనాటి చోళులది. ఆ కాలపు తెలుగు శాసనాల్లో వాళ్లు "చోఴ". ధ్వని పోయింది, ఎక్కువచోట్ల డ వచ్చి కూర్చుంది, వాళ్లు "చోడ"లయ్యారు. తమిళులకు కోఴి, మనకు కోడి. వాళ్లకు ఏఴు, మనకు ఏడు. ధ్వని పోయాక అక్షరంతో పనేముంది? నన్నయ పద్యాలు చదివేవాడికి కూడా అది ఎదురుపడదు.

మరి ఖాళీ గడి? భారతీయ లిపులకు మన దేశంలోనే 1980లలో ఇస్కీ అనే సంకేత పట్టిక తయారైంది. దాని ఆలోచన గడుసుది: ఒకే ధ్వనికి అన్ని లిపుల్లోనూ ఒకే స్థానం. యూనికోడ్ ఆ వరసనే తీసుకుని ఒక్కో లిపికి 128 కుర్చీల వరస వేసింది. తమిళంలో ఆ ధ్వని 2996లో కూర్చుంది. 128 కలుపు, తెలుగులో 3124 వస్తుంది. ఇంకో 256 కలుపు, మలయాళంలో 3380, అక్కడా కుర్చీలో మనిషి ఉన్నాడు. మన కుర్చీ మాత్రం 1991 నుంచి ఖాళీ. శాసనాలు చదివేవాళ్లు రుజువులు చూపించి అడిగితే 2014లో, యూనికోడ్ 7.0లో, ఴ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ఇరవై మూడేళ్లు ఎవరూ ఆ కుర్చీని ఇంకొకరికి ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది. బాన్సువాడ బస్సులో తువ్వాల వేసిన సీటుకు కూడా అంత గ్యారంటీ లేదు.

కన్నడంలో ఇంకో తమాషా జరిగింది. జుక్కల్ దాటితే వాళ్ల ఊళ్లే గనుక చెప్తున్నాను. అదే ధ్వనికి వాళ్లకూ పాత అక్షరం ఉంది. దాన్ని వరసలో కుర్చీ వదిలేసి వేరేచోట, 3294లో కూర్చోబెట్టారు. పేరు కూడా పొరపాటున "ఫ" అని రాశారు. ఫ-కూ దానికీ సంబంధం లేదు. తర్వాత తప్పు తెలిసింది, కానీ యూనికోడ్‌లో ఒకసారి పెట్టిన పేరు మార్చరు, ఇచ్చిన నంబరు వెనక్కి తీసుకోరు. పక్కన "అసలు పేరు ఇది" అని ఒక మారుపేరు తగిలించి ఊరుకున్నారు. వాళ్ల వరసలో 3252 గడి ఇంకా ఖాళీగానే ఉంది. ఆధార్‌లో పేరు తప్పు పడి, దిద్దించుకోవడానికి నా కొట్టుకు వచ్చినవాళ్లకు ఈ కథ చెప్తుంటాను. కొంత ఊరట.

9. చెవికి తెలిసిన అక్షరాన్ని కంటికి అడగకు

మా మనవరాలు అడిగింది: "తాతా, జాతరలో జ ఒకతీరు, జాతకంలో జ ఒకతీరు పలుకుతున్నం, రెండూ ఒకటే ఎందుకు రాస్తున్నం?" చలి, చంద్రుడు కూడా అంతే. బ్రౌన్ దొర తన నిఘంటువులో ఈ తేడా చూపడానికి గుర్తు పెట్టాడు, చ మీదా జ మీదా తెలుగు రెండంకె ఎక్కించి: ౘ, ౙ. 2008లో యూనికోడ్ 5.1 వాటికి వేరే నంబర్లు ఇచ్చింది. నిఘంటువు వేసేవాడికి, పరభాషవాడికి తెలుగు నేర్పేవాడికి అవి కావాలి. పెళ్లికార్డు మీద వేశావో, పెళ్లివాళ్లు అచ్చు తప్పని పైసలు కోస్తారు.

ఱ సంగతి వేరు. ఇంటిపేరు "గుఱ్ఱం" అని తాతల నుంచి రాసుకునేవాడు వస్తే "గుర్రం" అని దిద్దకు. వాడి పదో తరగతి మెమోలో ఏముందో చూసి అదే కొట్టు.

10. డబ్బా వస్తే అక్షరం లేదని కాదు

ఇది మొన్నటి సంగతి. పక్క ఊళ్లో ఉండే రిటైరైన తెలుగు పంతులుగారు, నాకూ నా తమ్ముడికీ చదువు చెప్పినాయన, వాళ్ల తాతగారి కాలంలో అచ్చయిన ఒక శతకం తెచ్చారు. పుటలు అటుకుల్లా విరుగుతున్నాయి. మళ్లీ టైపు చేసి పది కాపీలు కావాలట, ఇంట్లో పిల్లలకు పంచడానికి.

ఆ పుస్తకంలో మాట చివర న్ వచ్చినచోటల్లా న పైన పొల్లు లేదు. వేరే బొమ్మ ఉంది: పైకి లేచిన ఒక చిన్న కొక్కెంలాంటిది, ముందున్న అక్షరానికి ఆనుకుని. నకారపొల్లు. నేను కంపోజిటర్‌గా ఉన్నప్పుడు ఒకటి రెండు పాత పుస్తకాల్లో చూశాను, మా కేసులో మాత్రం ఆ ముక్క లేదు. చాలాకాలం కంప్యూటర్లోనూ లేదు, "న్" అని కొట్టి సరిపెట్టేవాళ్లం. "అట్ల సరిపెడితే మా తాత పుస్తకం గాదయ్యా అది, నీ పుస్తకమైతది" అన్నారు పంతులుగారు.

మేనల్లుడు వెతికాడు. 2021లో యూనికోడ్ 14.0లో దానికి నంబరు ఇచ్చారట, 3165. మా కంప్యూటర్లో ఉన్న ఫాంట్లలో దానికి బొమ్మ లేదు. ఎక్కడ కొట్టినా చదరపు డబ్బా. నంబరు ఉంది, ఇల్లు ఉంది, తలుపు మీద బొమ్మ గీసినవాడు లేడు. కొత్త ఫాంటు ఒకటి దించుకున్నాక బొమ్మ వచ్చింది: ౝ. పుస్తకం మొత్తం మీద అలాంటివి డెబ్బైకి పైగా. ఒక్కొక్కటీ పాత పుట పక్కన పెట్టి సరిచూశాం. ఈ పనికి బేరం ముందే మాట్లాడుకోవాల్సింది, గురువుగారు కదా అని నోరు మెదపలేదు.

పని అయ్యాక మేనల్లుడు మొదటి పుట మ్యాటర్‌ను చూడమని పంతులుగారి వాట్సాప్‌కు పంపాడు. ఆయన కొట్టు ముందు బల్ల మీదే కూర్చుని, కళ్లజోడు సవరించుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూశారు. ప్రతి పద్యంలో రెండు మూడు డబ్బాలు. మావాడి ముఖం వాడిపోయింది. అప్పటికే ప్రింటు తీసిన కాయితం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. వేలితో ఒక్కో పాదం వెంట పోయారు, ప్రతి కొక్కెం దగ్గరా ఆగుతూ. తర్వాత ఫోన్ మావాడి చేతికిచ్చి అన్నారు: "అక్షరం సక్కగనే ఉన్నదిరా. నా ఫోనే డబ్బా."